పాత కారు కొనే ముందు: నోరు, కాగితం, బండి

ఇంటికి పనికొచ్చే తెలుగు



ఈ నెల శీర్షిక ఒక తండ్రి రాసిన ఉత్తరం మీద నడుస్తుంది. ఆయన ఇప్పుడే తెలుగు నేర్చుకుంటున్నారు. చిన్న చిన్న వాక్యాల్లో, ఓపికగా, మొత్తం తెలుగులోనే రాశారు. అందుకు ముందుగా అభినందనలు. ఉత్తరంలోని సంగతి ఇది.

వారి అమ్మాయికి డర్బన్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. ఇల్లు టోంగాట్‌లో. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీ. చలికాలంలో ఆమె బయల్దేరేసరికే చీకటి పడుతుంది. ఆ చీకట్లో, ఎన్‌2 రోడ్డు పక్కన, బండి ఆగిపోతే ఎలా అని తల్లికి భయం. ఇంట్లో దాచిన డబ్బు 65,000 రాండ్లు. అప్పు చేయడం వాళ్లకు ఇష్టం లేదు.

రెండు కార్లు చూశారట. మొదటిది 2005 నాటి టొయోటా టాజ్. మీటరు మీద 1,42,000 కిలోమీటర్లు. కొత్తగా రంగు వేశారు. టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. సర్వీసు కాగితాలు మాత్రం "ఇల్లు మారినప్పుడు పోయాయి" అన్నారు. రెండోది 2006 నాటి సిటీ గోల్ఫ్. 2,36,000 కిలోమీటర్లు తిరిగింది. రంగు వెలిసింది. ఒక తలుపుకు సొట్ట ఉంది. కాని అమ్మే పెద్దాయన దగ్గర లావుపాటి బిల్లుల ఫైలు ఉంది. రెండింటి ధరా దాదాపు ఒకటే. "ఏది నమ్మాలి?" అని ఆయన ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను. నేనైతే ముందుగా ఆ గోల్ఫ్‌నే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తాను. ఎందుకో వివరంగా చెప్తాను.

ఎద్దు పళ్లు చూసినట్టు

ఇక్కడికి వచ్చిన మన ముత్తాతల్లో చాలామందికి వ్యవసాయం తెలుసు. పల్లెల్లో ఎద్దును కొనేటప్పుడు అమ్మేవాడు "మంచి వయసులో ఉంది" అంటే సరే అని తల ఊపేవారు. తర్వాత ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసేవారు. ఎన్ని పళ్లు వచ్చాయి, ఎంత అరిగాయి అన్నదాన్ని బట్టి వయసు తెలుస్తుంది. అటూ ఇటూ నడిపించి చూసేవారు. మెడ మీద కాడి ఒరుసుకున్న మచ్చ చూసేవారు. ఆ తర్వాతే బేరం.

పాత కారుకు కూడా అలాంటి పళ్లు ఉన్నాయి. అమ్మేవాడి నోరు ఒక కథ చెప్తుంది. కాగితాలు ఒక కథ చెప్తాయి. బండి తానే ఒక కథ చెప్తుంది. మూడూ ఒకే కథ చెప్తే ఆ బండిని నమ్మవచ్చు. ఒకటి తూర్పు అని, ఇంకొకటి పడమర అంటే అక్కడ ఆగి ఆలోచించాలి. బండి వయసు, మీటరు మీది అంకె, పైన రంగు ఇవన్నీ దీని తర్వాతే.

మొదటి సాక్షి: నోరు

బండి చూడటానికి వెళ్లే ముందే ఫోనులో నాలుగు ప్రశ్నలు అడగండి. ఎందుకు అమ్ముతున్నారు? రోజూ ఎవరు నడిపేవారు? ఎక్కడి నుంచి ఎక్కడికి? చివరిసారి ఏ పని చేయించారు, ఎప్పుడు? జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఇవే పనికొస్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. టాజ్ 2005 నుంచి 20 ఏళ్లు తిరిగింది అనుకోండి. 1,42,000ను 20తో భాగిస్తే ఏడాదికి 7,100 కిలోమీటర్లు. రిటైరైన ఒక అమ్మమ్మ గుడికీ కొట్టుకూ నడిపితే ఈ అంకె సరిగ్గా సరిపోతుంది. కాని అమ్మేవాడు "రోజూ టోంగాట్ నుంచి డర్బన్‌కు పనికి వెళ్లేవాణ్ని" అన్నాడనుకోండి. అటు సుమారు 40, ఇటు సుమారు 40, రోజుకు 80 కిలోమీటర్లు. ఏడాదికి 240 పని రోజులు వేసుకున్నా 19,200 అవుతుంది. ఎనిమిదేళ్లు అలా తిరిగితేనే 1,53,600 అవుతుంది. అంటే మీటరు అంకె, నోటి మాట కలవడం లేదు. మీటరు వెనక్కి తిప్పి ఉండొచ్చు, మీటరే మార్చి ఉండొచ్చు, లేదా ఆయనే పొరపాటు చెప్పి ఉండొచ్చు. ఏదైనా సరే, అడిగి తెలుసుకోవాలి.

ఇంకో మాట. తక్కువ తిరిగిన బండి అంటే మంచి బండి అని అనుకోకండి. ఎక్కువ కాలం కదలకుండా నిలబెట్టిన కారులో రబ్బరు గొట్టాలు ఎండి పగులుతాయి. బ్రేకు నూనె తేమ పీల్చుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోతుంది. వేళకు ఆయిల్ మార్చుకుంటూ పెద్ద రోడ్ల మీద ఎక్కువ తిరిగిన బండి, గ్యారేజీలో నిద్రపోయిన బండి కంటే గట్టిగా ఉండవచ్చు.

రెండో సాక్షి: కాగితం

ముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అడగండి. దాంట్లో మూడు సంగతులు చూడాలి.

ఒకటి, పేర్లు. ఆ కాగితంలో యజమాని పేరు, హక్కుదారు పేరు వేరువేరుగా ఉంటాయి. అప్పు మీద కొన్న కారుకు అప్పు తీరేదాకా బ్యాంకే హక్కుదారు. హక్కుదారు చోట బ్యాంకు పేరు కనిపిస్తే, ఆ అప్పు తీరిందని బ్యాంకు నుంచి రుజువు వచ్చేదాకా ఒక్క రాండు కూడా ఇవ్వకండి. లేకపోతే డబ్బు మీది, బండి బ్యాంకుది అవుతుంది. అమ్మే మనిషి గుర్తింపు కార్డు మీద పేరు, ఈ కాగితం మీద పేరు ఒకటేనా అని కూడా చూడండి.

రెండు, కోడ్. కోడ్ 1 అంటే కొత్త బండి. కోడ్ 2 అంటే వాడిన బండి. కోడ్ 3 అంటే ప్రమాదంలోనో మరోలాగో బాగా పాడై, మళ్లీ కట్టిన బండి. కోడ్ 4 అంటే ఇక రోడ్డు మీదికి రాకూడని బండి. కోడ్ 3 బండి చవగ్గా వస్తుంది. కాని ఎవరు కట్టారో, ఎలా కట్టారో మనకు తెలియదు. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే అమ్మాయికి అలాంటి బండి వద్దనే నా సలహా.

మూడు, నంబర్లు. కాగితం మీది 17 అక్షరాల ఛాసీ నంబరు, బండి ఒంటి మీద చెక్కిన నంబరు ఒకటే కావాలి. ఇంజన్ నంబరూ అంతే. నంబరు చుట్టూ గీరిన గుర్తులున్నా, వెల్డింగ్ చేసినట్టున్నా అక్కడి నుంచి వచ్చేయండి. బేరం కూడా ఆడకండి.

తర్వాత సర్వీసు కాగితాలు. ముద్రలు కొట్టిన పుస్తకం ఉంటే మంచిది. అది లేకపోయినా బిల్లులు ఉంటే చాలు. ప్రతి బిల్లు మీదా తేదీ, కిలోమీటర్ల అంకె ఉంటాయి. వాటిని వరసగా పేర్చండి. అంకెలు మెట్లు ఎక్కినట్టు ఒక్కొక్కటిగా పెరగాలి. మధ్యలో ఎక్కడైనా తగ్గితే మీటరులో మాయ ఉన్నట్టే. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో వెతకండి. బెల్టుతో నడిచే ఇంజన్‌కు దాన్ని కంపెనీ చెప్పిన వేళకు మార్చాలి. చాలా ఇంజన్లలో ఆ బెల్టు పరుగులో తెగితే ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి గుద్దుకుని పాడైపోతాయి. మార్చినట్టు బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్క వేసుకోండి. ఆ ఖర్చు బేరంలో తగ్గించండి.

రోడ్‌వర్దీ సర్టిఫికెట్ గురించి ఒక హెచ్చరిక. బండి పేరు మారాలంటే అది కావాలి. అయితే బ్రేకులు, లైట్లు, టైర్లు, స్టీరింగ్ లాంటివి పరీక్ష జరిగిన రోజున భద్రంగా ఉన్నాయని మాత్రమే అది చెప్తుంది. ఇంజన్ ఇంకా ఎన్నాళ్లు పనిచేస్తుంది, గేరుబాక్సు ఎలా ఉంది అన్నది ఆ పరీక్షలో తేలదు. "రోడ్‌వర్దీ ఉంది, ఇంకేం కావాలి?" అని ఎవరైనా అంటే చిరునవ్వు నవ్వి, మీ పని మీరు చేసుకోండి.

మూడో సాక్షి: బండి

పట్టపగలు వెళ్లండి. వాన పడేటప్పుడు వద్దు. తడిసిన రంగు మీద లోపాలు కనబడవు. ఒంటరిగా వెళ్లకండి.

బయట. ఒక పక్క నుంచి, ముందు నుంచి వెనక్కి, రంగును ఏటవాలుగా చూడండి. తలుపుల మధ్య సందులు అన్నీ ఒకేలా ఉన్నాయా? ఒక తలుపు రంగు పక్క తలుపుతో కలుస్తోందా? చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. ఇనుప రేకు మీద అది అంటుకుంటుంది. లోపల పుట్టీ పూసి పైన రంగు వేసిన చోట అంటుకోదు. "పైన పటారం, లోన లొటారం" అనే సామెత ఇలాంటి రంగు గురించే పుట్టిందేమో అనిపిస్తుంది.

మన తీరంలో పాత కార్లకు పెద్ద శత్రువు తుప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తినేస్తుంది. చక్రాల పైన ఉండే వంపులు, తలుపుల కింది అంచులు, ముందు అద్దం చుట్టూ, డిక్కీలో తివాచీ కింద చూడండి. పైన చిన్న బుడగలా లేచిన రంగును వేలితో నొక్కండి. మెత్తగా ఉంటే లోపల తుప్పు పట్టింది. తలుపు మీది తుప్పు చూపుకే చెడ్డ. బండి అడుగున, బరువు మోసే చోట తుప్పు ఉంటే ప్రాణానికి చెడ్డ.

టైర్లు. నల్లటి మెరుపు సీసాలో దొరుకుతుంది. దాన్ని చూసి మోసపోకండి. టైరు పక్కన నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైంది. చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1 మిల్లీమీటరు ఉండాలి. కాని వానలో ఎన్‌2 మీద వెళ్లే బండికి అది చాలదు. టైరు ఒక పక్కే అరిగిందంటే చక్రాల కొలత తప్పింది, లేదా కింద ఏదో వంగింది.

లోపల. ఇవే అసలైన ఎద్దు పళ్లు. బ్రేకు పెడలు మీది రబ్బరు చూడండి. స్టీరింగ్ పట్టుకునే చోటు చూడండి. గేరు పిడి, డ్రైవరు సీటు బయటి అంచు చూడండి. మీటరు 1,42,000 అంటోంది. పెడలు రబ్బరు అరిగి నున్నగా ఇనుము కనిపిస్తోంది. అప్పుడు ఎవరి మాట నమ్మాలి? పెడలు మాటే. అలాగే పాత బండిలో సరికొత్త పెడలు రబ్బరు మాత్రమే కనిపిస్తే, దాన్ని ఎందుకు మార్చారో అడగండి.

నీళ్లలో మునిగిన బండి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2022 ఏప్రిల్ వరదల్లో మన రాష్ట్రంలో 400 మందికి పైగా చనిపోయారు. ప్రాస్పెక్టన్‌లోని టొయోటా ఫ్యాక్టరీలోకి కూడా నీళ్లు వచ్చాయి. అలాంటి వరదలో మునిగిన బండిని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మేవాళ్లు ఉంటారు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. మట్టి చార ఉందా? స్పేర్ టైరు తీసి ఆ గుంటలో చూడండి. బురద ఉందా? సీటు కింది పట్టాలకు తుప్పు పట్టిందా? తివాచీ ఎత్తి వాసన చూడండి. మునిగిన బండిలో వైర్లు మెల్లగా పాడవుతాయి. ఈ రోజు బాగుంటుంది, ఆరు నెలల తర్వాత ఒక రాత్రి ఉన్నట్టుండి ఆగిపోతుంది.

బానెట్ కింద. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. మీరు రాకముందే ఇంజన్ వేడెక్కించి ఉంటే, పొద్దున్నే స్టార్టు కావడం కష్టమేమో అని అనుమానించాలి. రేడియేటర్ మూత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయండి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. లోపలి నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయా? పైన నూనె తేలుతోందా? ఆయిల్ పోసే మూత తిప్పి దాని కింద చూడండి. పాల మీగడ లాంటి పూత ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో. ఇది చాలా ఖరీదైన జబ్బు.

స్టార్టు చేసేటప్పుడు. తాళం చెవి సగం తిప్పి ఆగండి. ఆయిల్, బ్యాటరీ దీపాలు వెలగాలి. ఇంజన్ మొదలయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే, ఎవరో బల్బు తీసేశారేమో చూడాలి. ఒక స్నేహితుణ్ని బండి వెనక నిలబెట్టండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. మన మెకానిక్కులు "ఇంజన్ బోరుకొచ్చింది" అంటారు. తెల్లటి పొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే రేడియేటర్ నీళ్లు లోపల కాలుతున్నాయి. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఈ మూడింటిలో నల్ల పొగకు తరచుగా తక్కువ ఖర్చులో మందు దొరుకుతుంది. మిగతా రెండూ బ్యాంకు పుస్తకానికి జబ్బు తెస్తాయి.

తర్వాత ఇంజన్ ఆపకుండా 15, 20 నిమిషాలు అలాగే నిలబెట్టండి. వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చి ఆగాలి. రేడియేటర్ ఫ్యాను దానంతట అదే తిరగాలి. డర్బన్ ఎండలో, ట్రాఫిక్‌లో, ఈ ఒక్క పరీక్ష వంద మాటల పెట్టు.

నడిపి చూసేటప్పుడు. రేడియో కట్టేయండి. కనీసం అరగంట నడపండి. మన చుట్టూ గుట్టలకు కొదవ లేదు. పైన్‌టౌన్ దగ్గర ఫీల్డ్స్ హిల్ లాంటి ఎత్తు ఎక్కించి చూడండి. ఇంజన్ అరుపు పెరుగుతుంది కాని బండి ముందుకు పోదు. అంటే క్లచ్ జారుతోంది. బ్రేకు వేస్తే బండి నేరుగా ఆగాలి, ఒక పక్కకు లాగకూడదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపండి. చక్రాల దగ్గర టకటక చప్పుడు వస్తే జాయింట్లు అరిగాయి. గేరు వేశాక దానంతట అదే బయటికి వచ్చేస్తోందా? వెనక గేరు కూడా వేసి చూడటం మరిచిపోకండి. తిరిగి వచ్చాక బండి నిలబెట్టిన చోట నేల చూడండి. కొత్త మరక పడితే ఏదో కారుతోంది.

ఇదంతా మీరు చూశాక, మెకానిక్ చేత చూపించండి. అమ్మేవాడు చెప్పిన మెకానిక్ వద్దు. మీకు తెలిసినవాడు కావాలి, లేదా డబ్బు తీసుకుని బండిని పరీక్షించి రిపోర్టు రాసిచ్చే సంస్థ కావాలి. "పరీక్షకు ఇవ్వను" అని అమ్మేవాడు అంటే అదే మీకు రిపోర్టు.

సంతకానికి ముందు

1860 నవంబరు 16న మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ ఓడలోనూ తర్వాతి ఓడల్లోనూ వచ్చిన మనవాళ్లలో చాలామంది తమకు చదవరాని కాగితానికి ఒప్పుకుని వచ్చారు. మనకు చదువు వచ్చు. కాబట్టి చదవకుండా సంతకం పెట్టకూడదు.

ఇక్కడి అమ్మకం కాగితాల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: ఫుట్‌స్టూట్స్. తెలుగులో చెప్పాలంటే "ఉన్నది ఉన్నట్టుగా". చూసుకుని కొన్నావు, తర్వాత నన్ను అడగకు అని దాని భావం. ఇంటి దగ్గర తన సొంత బండిని అమ్ముకునే మామూలు మనిషి దగ్గర కొంటే ఈ మాట చెల్లుతుంది. లోపం తెలిసి, కావాలని దాచి మోసం చేశాడని మీరు రుజువు చేయగలిగితేనే అతనికి ఆ రక్షణ పోతుంది. అలా రుజువు చేయడం అంత తేలిక కాదు.

కార్లు అమ్మడమే వ్యాపారంగా ఉన్న డీలరు దగ్గర కొంటే సంగతి వేరు. 2011 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బండి చేతికి వచ్చిన 6 నెలల లోపు లోపం బయటపడితే బాగు చేయమనో, మార్చి ఇమ్మనో, డబ్బు వెనక్కి ఇమ్మనో అడిగే హక్కు మీకుంది. ముందే స్పష్టంగా చెప్పగా మీరు ఒప్పుకున్న లోపానికి, మామూలు అరుగుదలకు మాత్రం ఆ హక్కు ఉండదు. అందుకే డీలరు ఇచ్చిన కాగితంలో ఏయే లోపాలు రాశారో ఒక్కొక్కటీ చదవండి.

కొన్న తర్వాత 21 రోజుల లోపు బండిని మీ పేరు మీదికి మార్చుకోవాలి. అమ్మేవాడు పేరు మార్పు నోటీసు నింపాలి. దాన్ని ఎన్‌సీఓ ఫారం అంటారు. మీరు ఆర్‌ఎల్‌వీ ఫారం నింపాలి. డబ్బు చేతులు మారే రోజే ఈ పని మొదలుపెట్టండి. ఆలస్యం చేస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది.

ఏది వదిలేయాలి, ఏది బేరానికి?

పాత బండిలో లోపం లేకుండా ఉండదు. కాబట్టి లోపాలను రెండు కుప్పలు చేయండి.

వెంటనే వదిలేయాల్సినవి: కలవని నంబర్లు, తీరని అప్పు, వరద గుర్తులు, అడుగున తుప్పు, ఆయిల్‌లో నీళ్లు, ఆగని నీలం పొగ, పొంతన లేని కథ.

బేరానికి పనికొచ్చేవి: అరిగిన టైర్లు, పాత బ్యాటరీ, బ్రేకు ప్యాడ్లు, మార్చని టైమింగ్ బెల్టు, సొట్టలు, వెలిసిన రంగు. ఒక్కొక్కదానికి ఎంతవుతుందో మెకానిక్‌ను అడిగి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమనండి.

చేతిలో ఉన్న 65,000 మొత్తం బండికే పెట్టకండి. 52,000 లేదా 55,000 దగ్గర ఆగండి. మిగతాది మొదటి నెల సర్వీసుకు, టైర్లకు, పేరు మార్పు ఖర్చుకు, బీమాకు. పాత బండి కొన్న రోజునే ఆయిల్, ఫిల్టర్లు మార్చాలి. అప్పుడే మీ సొంత ఫైలులో మొదటి బిల్లు చేరుతుంది.

తండ్రిగారికి జవాబు

అన్నయ్యగారూ, మీరు చూసిన రెండు బండ్లూ ఇక్కడ తయారైనవే. టాజ్ 1996 నుంచి 2006 దాకా మన ప్రాస్పెక్టన్‌లోనే తయారైంది. సిటీ గోల్ఫ్ 1984 నుంచి 2009 దాకా, ఇప్పుడు కరీగా అని పిలిచే ఉయిటెన్‌హాగ్‌లో తయారైంది. రెండూ లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి. అందుకే విడిభాగాలు దొరుకుతాయి, వీధి మెకానిక్కులకు కూడా వాటి గుట్టు తెలుసు. పాత బండికి ఇది పెద్ద బలం. పేరు చూసి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనలేం.

కాని సాక్ష్యం చూడండి. టాజ్‌కు నోరు మాత్రమే ఉంది. కాగితం లేదు. కొత్త రంగు బండి నోరు కూడా మూసేసింది. గోల్ఫ్ ఎక్కువ తిరిగింది, నిజమే. అయితే ఎంత తిరిగిందో, ఎప్పుడు ఏం మార్చారో దాచకుండా చెప్తోంది. పెద్దాయన ఫైలులోని అంకెలు వరసగా ఉంటే, బండి అడుగు గట్టిగా ఉంటే, మెకానిక్ సరే అంటే, దానికే నా ఓటు. టాజ్ తుడిచిపెట్టుకు పోయినట్టు కాదు. పెడలు రబ్బరు, అయస్కాంతం, మెకానిక్ ముగ్గురూ దాని పక్షాన మాట్లాడితే అప్పుడు మళ్లీ ఆలోచించండి.

ఇంకొక్క మాట దాచకుండా చెప్పాలి. నమ్మకం వేరు, రక్షణ వేరు. ఈ రెండు బండ్లకూ ఎయిర్‌బ్యాగులు లేవు. దారిలో ఆగిపోని బండి అయినా, గుద్దుకుంటే లోపలి మనిషిని ఎంతవరకు కాపాడుతుంది అన్నది ఇంకో ప్రశ్న. ఇంకొన్ని వారాలు ఆగగలిగితే, అదే ధరలో ఎయిర్‌బ్యాగులు ఉన్న బండి కోసం వెతకండి. అది కూడా ఈ మూడు పరీక్షలూ నెగ్గితే ముందు దాన్నే కొనండి. నిదానమే ప్రధానం.

ఇంట్లో మాట్లాడి చూద్దాం

మేనకోడలు: మావయ్యా, ఈ బండి ఎలా ఉందో ఒకసారి చూస్తావా?
మావయ్య: చూస్తానమ్మా. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉందా, చల్లగా ఉందా?
మేనకోడలు: చల్లగానే ఉంది.
మావయ్య: మంచిది. స్టార్టు చెయ్యి. నేను వెనక నిలబడతాను.
మేనకోడలు: పొగ వస్తోందా?
మావయ్య: కొంచెం వచ్చి ఆగిపోయింది. భయం లేదు. చప్పుడు విను. ఏమైనా కొట్టుకుంటోందా?
మేనకోడలు: లేదు మావయ్యా. కాని కింద ఏదో కారుతోంది.
మావయ్య: ఏదీ, వేలితో తాకి చూద్దాం. నీళ్లే. ఏసీ నీళ్లు. ఆయిల్ అయితే జిడ్డుగా ఉండేది.
మేనకోడలు: మరి కొనొచ్చా?
మావయ్య: తొందరపడకు. ఫైలు తీసుకురా. బిల్లులు చదివాక చెప్తాను.

ఈ నెల మాటలు

తుప్పు: ఇనుము మీద పట్టే ఎర్రటి పొడి. "తలుపుకు తుప్పు పట్టింది."
సొట్ట: దెబ్బ తగిలి రేకు లోపలికి పోయిన చోటు. "బండికి సొట్ట పడింది."
కారడం: నీళ్లో నూనో కొంచెం కొంచెంగా బయటికి రావడం. "ఆయిల్ కారుతోంది."
అరగడం: వాడగా వాడగా పలచబడటం. "టైర్లు అరిగిపోయాయి."
జారడం: పట్టు తప్పడం. "క్లచ్ జారుతోంది."
లాగడం: రెండు అర్థాలు. "బండి ఎడమకు లాగుతోంది" అంటే పక్కకు పోతోంది. "బండి లాగడం లేదు" అంటే ఇంజన్‌లో బలం లేదు.
పొంతన: రెండు విషయాలు ఒకదానితో ఒకటి కలవడం. "మాటకూ కాగితానికీ పొంతన లేదు."

ఈ నెల పని: మీ ఇంటి బండి దగ్గరకు వెళ్లండి. పెడలు రబ్బరు, టైరు మీది నాలుగు అంకెలు, మీటరు అంకె చూడండి. అవి ఏం చెప్తున్నాయో ఐదు తెలుగు వాక్యాల్లో రాసి పంపండి. తప్పులుంటే దిద్దుదాం. నర్సమ్మ ఏ బండి కొనుక్కుందో తండ్రిగారు రాస్తే వచ్చే నెల ఇక్కడే చెప్తాను.